ఖాసింబీ అర్జీలు

ఆరేండ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. పెద్ద మాటేం కాదు. "ఆమె నొక్కింది" అని, అంతే. ఆ రోజు ఫోన్‌లో అనేసి ఉంటే క్షణం పట్టేది. అనలేదు. ఆ తర్వాత దాని బరువు ఏ రోజూ తగ్గలేదు. అలవాటైంది, అంతే. బరువు అలవాటు కావడం కూడా ఒక తప్పేనేమో.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేండ్లు పట్టేది కాదు. నా పేరు రాయను. ఆ ఊరి పేరూ రాయను. బేతంచెర్ల చుట్టుపక్కల, నాపరాళ్ల గనుల మధ్య ఉండే ఊరని తెలిస్తే చాలు. ఖాసింబీ అన్నది కూడా ఆమె అసలు పేరు కాదు. ఆమె పేరు ఒకసారి నావల్ల చెడింది. మళ్లీ దాన్ని నలుగురిలో పెట్టే హక్కు నాకు లేదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేండ్లు. మాది కడప వైపు పల్లె. కర్నూల్లో ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. ఎండాకాలం ఊర్లకు నీళ్ల ట్యాంకర్లు పంపే పనికి మా కంపెనీ ఒక ఏర్పాటు చేసిపెట్టింది. అంతకుముందు కాగితాల మీద ట్యాంకర్లు పోయేవి, ఊర్లకు పోయేవి కావు. అందుకని కొత్త పద్ధతి తెచ్చారు. ప్రతి ఊర్లో ఒకరికి ఫోన్ ఇచ్చారు. అందులో మేం రాసిన చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని మా పనిలో క్లయింట్ అంటారు. ఊర్లో నీళ్లు అయిపోతే ఆ మనిషి అందులో బటన్ నొక్కాలి. అర్జీ మా సర్వర్‌కు వస్తుంది. అక్కణ్నుంచి దగ్గర్లో ఉన్న ట్యాంకరు డ్రైవరుకు పోతుంది. అర్జీ వస్తేనే ట్యాంకరు కదులుతుంది. రాకపోతే కదలదు.

ఆ అర్జీలకు దారి చూపించేది నేను. ఏ ఊరి అర్జీ ఏ అడ్రసుకు పోవాలో ఒక పట్టిక ఉండేది, ఊరికొక వరుస. అడ్రసులు రెండు. ఒకటి అసలు సర్వర్‌ది. రెండోది మేం పరీక్షలకు పెట్టుకున్న ఉత్తుత్తి సర్వర్‌ది. ఉత్తుత్తి సర్వర్‌కు ఏది పంపినా తీసుకుంటుంది. "మీ అర్జీ అందింది" అని జవాబు కూడా ఇస్తుంది. తనలో దాచుకుంటుంది. ఎవరికీ చెప్పదు. మీకు ఇంతకన్నా తెలియాల్సింది లేదు. నేను చేసిన తప్పంతా ఆ పట్టికలో ఒక్క వరుసలోనే ఉంది.

ఆఫీసంటే ఒక గది. ఇద్దరం ఉండాల్సింది. రెండో అతను హైదరాబాదు పోయాక అతని కుర్చీలోకి ఎవరూ రాలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనూ, గోడకు రెండు ఫ్యాన్లూ. బాడుగ గదికి పోతే అక్కడా అంతే. కొన్ని దినాలు నా నోట్లోంచి వచ్చిన మాటలు లెక్కపెడితే మెస్సులో "ఇంకొంచెం చారు" అన్నది ఒక్కటే. మిగిలినవన్నీ ఫోన్‌లో. ఊర్ల నుంచి ఫోన్లు వచ్చేవి. పని చెయ్యట్లేదని కసురుకునేవాళ్లు, తెరుచుకోవట్లేదని కసురుకునేవాళ్లు. నేను అందరికీ ఒకటే పాఠం చెప్పేవాణ్ని. ఆపి మళ్లీ పెట్టండి. సిగ్నల్ ఉండే తావుకు పోయి నొక్కండి.

ఖాసింబీ ఒక్కతే కసురుకునేది కాదు. ఆమెకు నలభై దాటి ఉంటాయి. గొంతును బట్టి అనుకోవడమే. నేనామెను చూడలేదు, ఆమె కూడా నన్ను చూడలేదు. భర్త బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూలి. ఏడో తరగతి దాకా చదువుకుందట, అందుకని ఆ ఊరి ఫోన్ ఆమెకిచ్చారు. జీతమేం లేదు. మొదట్లో నన్ను సారూ అనేది. పదిరోజులకే అప్పా అనడం మొదలుపెట్టింది. నేనామెను అక్కా అనేవాణ్ని. పని అయిపోయినాక కూడా ఆమె ఫోన్ వెంటనే పెట్టేది కాదు. అమ్మానాయనా యాడుండారు, ఒక్కడివే వండుకుంటావా, కర్నూల్లో ఎండ ఎట్లుండాది అని అడిగేది. ఆ ఊర్లో గనుల దుమ్ము అన్నంలో కూడా పడుతుందని నవ్వుతూ చెప్పేది. నేను జవాబులు పొడిపొడిగా చెప్పేవాణ్ని. కానీ ఆమె ఫోన్ రాని రోజు సాయంత్రానికి ఏదో వెలితిగా ఉండేది. ఈ సంగతి ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలిసే ఉంటుంది. ఒప్పుకోలేదు.

ఆమె ఓపిక చూసే, క్లయింట్‌లో ఏదైనా కొత్తగా మార్చినప్పుడు ఆమె చేతే పరీక్ష చేయించేవాణ్ని. ఇది గుర్తుపెట్టుకోండి. మిగిలిన ఊర్ల వాళ్లను అడిగితే విసుక్కుంటారు. ఆమె విసుక్కోదు. అందుకే ఆమె ఊరికి ఆ గతి పట్టింది.

మే నెలలో ఒక గురువారం క్లయింట్ మార్చాను. ఖాసింబీకి ఫోన్ చేసి, అక్కా కొంచెం నొక్కి చూడాలి అన్నాను. పరీక్ష అర్జీలు అసలు సర్వర్‌కు వస్తే డ్రైవరు ఊరికే బయల్దేరుతాడు కాబట్టి, పట్టికలో వాళ్ల ఊరి వరుసను ఉత్తుత్తి సర్వర్‌కు తిప్పాను. వాళ్ల ఊర్లో సిగ్నల్ సరిగా ఉండదు. గని పక్కన పగిలిన బండల కుప్ప ఎక్కితే వస్తుంది. ఆమె మిట్టమధ్యాహ్నం ఆ కుప్ప మీద నిలబడి, నేను చెప్పినప్పుడల్లా నొక్కింది. ఏడెనిమిది సార్లు. ప్రతిసారీ "అందింది అని వచ్చెనప్పా" అని చెప్పింది. అంతా బాగుంది. చాలక్కా అన్నాను. "టైము రెండయింది, పోయి తినిరాపో" అని ఫోన్ పెట్టేసింది.

పోయి తిన్నాను. తినివచ్చి వేరే ఊరి గొడవ చూశాను. వాళ్ల వరుసను తిరిగి అసలు సర్వర్‌కు తిప్పలేదు. మర్చిపోయాను.

ఇంతవరకు నన్ను మీరు క్షమించొచ్చు. మనుషులు మర్చిపోతారు. నేనూ అట్లాగే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ నేను ఒప్పుకుంటున్నది మర్చిపోవడాన్ని కాదు.

ఐదో రోజు ఆమె ఫోన్ చేసింది. ట్యాంకరు రావట్లేదని, దినామూ నొక్కుతున్నానని, అందింది అనే వస్తోందని చెప్పింది. నేను అసలు సర్వర్ తెరిచి చూశాను. వాళ్ల ఊరి నుంచి ఏమీ లేదు. ఇక్కడేం రాలేదక్కా, సిగ్నల్ అయ్యుంటుంది, ఆపి మళ్లీ పెట్టు అన్నాను. అందరికీ చెప్పే పాఠం ఆమెకూ చెప్పాను. సిగ్నల్ లేకపోతే "అందింది" అని జవాబు ఎట్లా వస్తుంది? ఎక్కడికో ఒకచోటికి అందితేనే కదా జవాబు వచ్చేది. ఇది నా పనిలో మొదటి పాఠం. ఆమె చెప్పిన ఆ ఒక్క మాట చెవిన పెట్టివుంటే అప్పుడే తెలిసిపోయేది. వినలేదు. ఆమె మాట కన్నా నా తెర మీద కనిపించేది ఎక్కువ నిజమనుకున్నాను. ఆమె ఏడో తరగతి, నేను ఇంజనీరింగు. అదేనా కారణం? అదే అనుకుంటా.

ఆమె ఆ ఎండలో మళ్లీ బండల కుప్ప ఎక్కి, ఫోన్ ఆపి, మళ్లీ పెట్టి, నొక్కింది. అది కూడా ఉత్తుత్తి సర్వర్‌లో ఉంది. తర్వాత చూశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ట్యాంకర్ల పని చూసే ఇంజనీరు సారు ఫోన్ చేశాడు. ఆ ఊర్లో గొడవ జరుగుతోందన్నాడు. బోరు ఎండిపోయి, ట్యాంకరు రాక, జనం పాత గనిగుంతలో నిలిచిన పచ్చనీళ్లు తోడుకుంటున్నారట. ఒక ముసలామె బిందెతో ఎక్కుతూ జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఊరంతా ఖాసింబీ మీద పడ్డారు. పాలిష్ ఫ్యాక్టరీలకు నీళ్లు కావాలి. ఆమె భర్త పనిచేసేది ఫ్యాక్టరీలో. ఊరికి రావాల్సిన ట్యాంకర్లను అటు మళ్లించి, ఊరి పేరున నొక్కకుండా ఊరుకుంటోందని అంటున్నారట. "వాళ్ల ఊరి నుంచి అర్జీలు వచ్చినాయా లేదా, రేపు పొద్దునకు రాసి పంపించు" అన్నాడు.

అప్పుడు పట్టిక తెరిచాను. వాళ్ల ఊరి వరుస చూశాను.

అది ఇంకా ఉత్తుత్తి సర్వర్‌కే తిప్పి ఉంది. వరుస మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. సాయంత్రానికి ఇంజనీరు సారు పురమాయించిన ట్యాంకరు పోయింది. తర్వాత ఉత్తుత్తి సర్వర్ తెరిచాను. అన్నీ ఉన్నాయి. తొమ్మిది రోజుల అర్జీలు, ఒక్కో దానికి టైముతో. పొద్దున ఆరుకొకటి, మధ్యాహ్నం ఒకటి, మళ్లీ సాయంత్రం. గొడవ మొదలైన రోజు వరసగా పన్నెండు. అది చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది ఆమె ఏం చేసిందో. నేనేం చేశానో కూడా తెలిసిపోతుంది.

నేనింకా ఆ తెర ముందే కూర్చోనుండగా ఆమె ఫోన్ చేసింది. ఆ మాటలు నాకు అచ్చంగా గుర్తున్నాయి. ఒక్కటీ కలపకుండా రాస్తున్నాను.

"అప్పా, ట్యాంకరు వచ్చెనప్పా."

"వచ్చిందా అక్కా."

"వచ్చెలే. నీళ్లు పడ్తాండారు. నాకు మాత్రం పట్టనియ్యలేదు, ఆఖర్న పట్టుకోమన్యారు." వెనకాల బిందెల చప్పుడు వినిపించింది. "రేపు పంచాయితీ పెట్టినారు. నేను ఫ్యాక్టరీకి నీళ్లమ్ముకున్యా అంటాండారు. మా యాయన్ను శానా మాటలన్యారు. నేను నొక్కినా గదప్పా? అందింది అని నీకు చెప్పినా గదా?"

"చెప్పినావక్కా."

"మరి ఆ మాట రేపు ఫోన్‌లో పెద్దమనుషులకు నువ్వు చెప్తావా? ఇంగేం వద్దు. ఖాసింబీ నొక్కింది అని ఒక్క మాట చెప్పు. నువ్వు చదువుకున్నోడివి, నీ మాట వింటారు."

నా ఎదుట తెర మీద ఆమె అర్జీలన్నీ ఉన్నాయి. వాటిని చూస్తూనే అన్నాను.

"చూస్తానక్కా."

"చూడప్పా," అంది. నమ్మి అంది. ఆ నమ్మకమే నన్ను ఇంకా వదల్లేదు.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని భయం. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. ఉద్యోగాలు పోతాయి, వస్తాయి. ఆ గదిలో నేను ఒకే ఒక్క విషయంలో ఒప్పుగా ఉండేవాణ్ని. తప్పెప్పుడూ ఊర్ల వాళ్లదే, నాది కాదు. ఎవరూ లేని మనిషికి అది చాలా పెద్ద ఆధారం. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అందుకోసం నాతో నవ్వుతూ మాట్లాడే ఒకే మనిషిని పోగొట్టుకున్నాను. ఇందులో తెలివేముంది? తెలివితో చేసింది కాదది.

ఆ సాయంత్రమే ఉత్తుత్తి సర్వర్‌ను తుడిచేశాను. అది పరీక్షల సర్వరే కాబట్టి అప్పుడప్పుడూ తుడవడం మామూలే, ఎవరూ అడగరు. తర్వాత ఇంజనీరు సారుకు రాసి పంపించాను. "సదరు గ్రామం నుంచి ఆ తొమ్మిది దినములలో సర్వర్‌కు ఎటువంటి అర్జీలు అందలేదు." ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. అందులో అబద్ధం లేదు. అసలు సర్వర్‌కు అందలేదు, నిజమే కదా. ఏ ఒక్క అక్షరమూ తప్పు కాకుండా ఒక మనిషిని దొంగను చేయొచ్చని ఆరోజు నాకు తెలిసింది.

మరుసటి రోజు పదకొండుకు ఆమె నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. పదినిమిషాలకు మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఫోన్ టేబుల్ మీద తిరగేసి పెట్టి, వరండాలోకి పోయి నిలబడ్డాను. అక్కడ పంచాయితీలో అందరి ముందూ ఫోన్ చెవిన పెట్టుకుని ఆమె నిలబడి ఉంటుందని నాకు తెలుసు. "మోగుతా ఉండాది, ఎత్తుతాడు" అని వాళ్లకు చెబుతూ ఉంటుందని కూడా తెలుసు. అది ఊహ కాదు. ఆమె అట్లాంటి మనిషే.

తర్వాత నాలుగో ఫోన్ రాలేదు.

వారం తర్వాత ఆ ఊరి ఫోన్ నుంచి వేరే గొంతు వచ్చింది, మగ గొంతు. కొత్తగా నాకిచ్చినారు సార్, యాడ నొక్కల్ల అని అడిగాడు. చెప్పాను. ఆమె ఎట్లుంది అని అడగాలనిపించింది. ఏమని అడగాలి? అతనే చెప్పాడు. వాళ్లు ఊర్లో లేరు, బద్వేలు పక్కకు పోయినారు, ఆమె అక్క ఉండాదంట ఆడ అన్నాడు. "ఎవరూ మాట్లాడకపోతే ఎట్లుంటారు సార్" అని కూడా అన్నాడు, మామూలుగా. ముసలామె మళ్లీ నడవలేదని వేరే ఊరి వాళ్ల ద్వారా విన్నాను.

అక్కడ ఇంకో ఏడాది చేశాను. తప్పెక్కడిదని ఎవరూ అడగలేదు. నా పని బాగుందని జీతం కూడా పెంచారు. ప్రతిరోజూ పొద్దున పోగానే ఆ పట్టిక తెరిచి ఒక్కో ఊరి వరుసా చూసేవాణ్ని. మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు. దానివల్ల ఆమెకు ఒరిగిందేమిటి?

ఆ తర్వాత వేరే ఉద్యోగం చూసుకున్నాను. పెళ్లి చూపులకు రెండుసార్లు పోయి వచ్చాను, కుదరలేదు. నిజం చెప్పాలంటే కుదరనివ్వలేదు. ఒక మనిషి ఇంట్లోకి వస్తే రోజూ పక్కన కూర్చుంటుంది, ఎప్పుడో ఒకనాడు ఏమాలోచిస్తున్నావని అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి?

ఇదంతా ఇట్లాగే లోపల ఉండిపోయేది. కానీ పోయిన నెల పని మీద బద్వేలు పోవాల్సి వచ్చింది. పోనని చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకు పోయానో నన్నడగొద్దు. వెతకాలని పోలేదు, వెతక్కూడదనీ పోలేదు.

రెండో రోజు నా బ్యాగు పట్టీ తెగిపోయింది. బస్టాండు దగ్గర ఎవరినో అడిగితే, సందులో ఒక షాపు అరుగు మీద కుట్టుమిషను ఉంది, అక్కడ కుడతారన్నారు. పోయాను. ఒకామె తల వంచుకుని ఏదో కుడుతోంది. ముసుగు కింద జుట్టు సగం నెరిసింది. తలెత్తకుండానే అంది.

"కూచో అప్పా, ఇదైపోతాంది."

ఆరేండ్లు ఆ గొంతును చెవిలో మోసినవాణ్ని. పొరపాటు పడే పనే లేదు. లోపల్నుంచి ఎవరో ఆమె అసలు పేరుతో పిలిచారు కూడా.

ఆమెకు నా మొహం తెలియదు. తెలిసింది గొంతే. నోరు తెరిస్తే చాలు.

తెరవలేదు. బ్యాగు ముందు పెట్టి, తెగిన పట్టీ వేలితో చూపించాను. తోలుతో కుట్టాల్నా, దారంతో చాలా అని అడిగింది. దారం వైపు చూపించాను. ఎప్పటికి కావాలి అంది. ఇప్పుడే అన్నట్టు నేల చూపించాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపు మెత్తబడింది. లోపలివాళ్లతో "పాపం, మాట రాదు" అని నెమ్మదిగా చెప్పింది. అక్కణ్నుంచి నాతో చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఎండలో నిలబడొద్దు, ఇట్లా నీడకు రా అని సైగ చేసింది. తన పక్కన పడున్న గుడ్డలు తీసి చోటిచ్చింది. వేరేవాళ్ల పని పక్కన పెట్టి నాది ముందు కుట్టింది. కుట్టి, గట్టిగా రెండుసార్లు లాగి చూపించి, బాగుందా అని తలూపింది. నేనూ తలూపాను.

ఆమె పక్కన పది నిమిషాలు కూర్చున్నాను. అక్కా, నేనే అనడానికి పది నిమిషాలు చాలా ఎక్కువ. మూగవాడిగా లేచి వచ్చాను. ఆరేండ్ల కిందట మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదు. ఈసారి ఆమె ఎదుటే కూర్చుని, ఆమె జాలిని కూడా దొంగిలించాను. మొదటిదాన్ని భయం అనుకోవచ్చు. దీన్నేమనాలి?

ఆమె నా గురించి ఏమనుకుంటూ ఉంటుందో తెలియదు. తప్పు నాదని ఎప్పుడైనా అనుమానపడిందా? లేక ఆ అబ్బయ్యకు ఏమైందో పాపం, అందుకే ఎత్తలేదేమో అనుకుందా? రెండోదే అయితే నేను తట్టుకోలేను. ఆమె తీరు తెలుసు కాబట్టి, రెండోదే అయ్యుంటుంది.

మీరు అడగబోయేది తెలుసు. మళ్లీ బద్వేలు పోతావా అని. ఆ ఊరికి పోయి పెద్దమనుషుల ముందు చెబుతావా అని. పోతానని రాస్తే ఈ కాగితం అందంగా ముగుస్తుంది. కానీ "చూస్తాను" అని చెప్పి చేయని వాణ్ని నేను. నా మాటకు నా దగ్గరే విలువ లేదు. అందుకని ఆ మాట ఇవ్వను. ఇక్కడ మీకు చెప్పడం తేలికేనని కూడా తెలుసు. మీరేం ఆ తొమ్మిది రోజులు దాహంతో ఉన్నవాళ్లు కారు, మీకు కోపగించుకునే అవసరం లేదు.

అయినా చెబుతున్నాను. ఖాసింబీ తొమ్మిది రోజులూ నొక్కింది. రోజుకు మూడుసార్లు, ఎండలో బండల మీద నిలబడి నొక్కింది. ఆమె ఏ ఫ్యాక్టరీకీ నీళ్లమ్ముకోలేదు. ఆమె అర్జీలకు దారి తప్పించింది నేను. తెలిసిన తర్వాత వాటిని తుడిచేసిందీ నేనే. తప్పుడు రాత రాసిందీ నేనే. ఫోన్ మోగుతుంటే ఎత్తనిదీ నేనే.

ఇదంతా రాసి, మొదటి నుంచి ఒకసారి చదువుకున్నాను. మనసులో కాదు, పైకి. ఈ గదిలో నా గొంతు ఇంతసేపు వినిపించడం ఇదే మొదటిసారి. ఆమె పేరు వచ్చిన చోట ఆగిపోతాననుకున్నాను, ఆగలేదు. పక్క వాటాకీ నాకూ మధ్య గోడ పలచన. అటువైపు టీవీ శబ్దం కాసేపు తగ్గింది. వాళ్లకు వినపడే ఉంటుంది.

వినపడనీ.